అల్లుడి దాహం

నీళ్లున్నాయి, అదే నా ఏడుపు. లేకపోతే లేవని ఏడ్చి ఊరుకునేదాన్ని, భారం పైవాడి మీద వేసేదాన్ని. కానీ తడి గోనె చుట్టిన ఇరవై లీటర్ల డబ్బా ఈ గారచెట్టు నీడలో నా మోకాలికి ఆనుకునే ఉంది, సగం కూడా తగ్గలేదు, మూత తీస్తే లోపలి చల్లదనం మొహానికి తగులుతోంది. అక్కడేమో ఇరవై అడుగుల దూరంలో, టైరు పగిలి ఒక పక్కకి ఒరిగిన బండికి అవతల, నా కూతురు దిక్కెల్ పెనిమిటి ఎండలో కూర్చుని ఉన్నాడు. తెల్లవారినప్పటి నుంచి ఒక్క గుక్క తాగలేదు. తాగడు. అత్తగారు చూస్తుండగా మావాళ్లలో ఏ అల్లుడు తాగాడు గనక ఇతను తాగటానికి? నేను కూర్చున్న నీడలోకి రాడు, నా మొహంలోకి చూడడు, అతని పేరు నేను పలకను. పెళ్లయి మూడేళ్లయింది, మేమిద్దరం నేరుగా ఒక్క మాట అనుకోలేదు. దాదో అల్లుడు ఎంత సిగ్గు తెలిసినవాడు అని నలుగురూ అంటుంటే నేనూ మురిసిపోయాను. ఇప్పుడు కనుచూపు మేరలో ఉన్నది ఒకే ఒక్క చెట్టు, ఆ చెట్టు కింద నేను.

బండి నీడ పొద్దున మనిషి పడుకునేంత ఉండేది. తర్వాత చాపంత అయింది, తర్వాత చేటంత, ఇప్పుడు అతని మోకాళ్ల దాకా కూడా రావటం లేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చి నిలబడ్డాడు, ఇక ఎటూ కదలడేమో అన్నట్టు. అసలు ఈ వేళకి మేము బోరుబావి ఉన్న ఆ బోరు ఊళ్లో ఉండాలి, నేను దిక్కెల్ మంచం పక్కన ఉండాలి, పసిగుడ్డు నా ఒళ్లో ఉండాలి. నిన్న సాయంత్రం ఫోను వచ్చింది, నెల ముందే కాన్పయింది, ఆడపిల్ల, ఆరోగ్య కేంద్రంలో ఉన్నారు, కొంచెం రక్తం పోయింది, తల్లిని రమ్మంటున్నారు అని. కొంచెం అంటే ఎంత? చెంబెడా, బిందెడా? చెప్పినవాళ్లకు అది కొంచెమే, కడుపు నాది. చీకటితోనే అల్లుడు గాడిద బండి కట్టుకుని వచ్చాడు. అత్తా అల్లుళ్లు ఒంటరిగా ప్రయాణం చేయకూడదు గనక మధ్యలో కూర్చోవటానికి తాకోను వెంటబెట్టుకొచ్చాడు. తాకో నా మేనమామ కూతురు, వరసైనది, నన్ను ఏమన్నా చెల్లుతుంది దానికి. ఎండ ముదరకముందే చేరిపోవాలని వాళ్ల ఆలోచన. దాన్ని పాడుచేసింది నేనే. ఒకసారి ఉప్పు మరిచానని బండి వెనక్కి తిప్పించాను, రెండోసారి పొయ్యిలో నిప్పు ఆర్పానో లేదో అని తిప్పించాను.

"ఆర్పావే తల్లీ, ఆర్పావు. నీ కన్నీళ్లు పడి అదే ఆరిపోయుంటుంది," అంది తాకో. "ఇంకోసారి తిప్పమను, ఏకంగా ఆ పసిదాని పెళ్లికి చేరతాం."

నవ్వాను కూడా. అప్పుడు నవ్వొచ్చింది. ఆ రెండుసార్లూ వెనక్కి పోకపోతే ఈ ముల్లు మీదకి బండి వచ్చేది కాదేమో, వచ్చినా చల్లటి పూట వచ్చేది, చల్లటి పూట అయితే నడిచిపోయేవాళ్లం. టైరు పేలిన చప్పుడుకి దిక్కెల్ పోయిందనుకున్నాను, ఎందుకలా అనుకున్నానో, చప్పుడుకీ దానికీ ఏం సంబంధం, నా బుర్ర అంతే, ఏ చప్పుడైనా మొదట చావు దగ్గరికే పరిగెడుతుంది. తాకో తలకు తడిగుడ్డ చుట్టుకుని, రెండు సీసాల నీళ్లు మెడకు వేలాడేసుకుని గాడిదెక్కింది. "నేను వెళ్లి ఇంకో బండి తెస్తాను, మీరిద్దరూ కడుపునిండా కబుర్లు చెప్పుకోండి," అని పడీ పడీ నవ్వుతూ పోయింది. అల్లుడు మాత్రం ఊరికే కూర్చోలేదు. తాకో వచ్చేలోపు చక్రం ఊడదీసి ఉంచుదామని ఆ తుప్పు పట్టిన నట్లతో ఎండలో ఎంతసేపు కుస్తీ పట్టాడని, చొక్కా వీపు మొత్తం తడిసి అతుక్కుపోయింది. నేను అటు చూడకుండానే చూశాను. చూడకుండా చూడటం మా ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

దిక్కెల్ కోసం అతను ఒక పొట్టేలును తెచ్చాడు, బాలింతకు పులుసు పెట్టాలని. దాన్ని బండికి కట్టాడు. ఇందాక చక్రం ఊడొచ్చాక అతను చతికిలబడితే, ఆ పొట్టేలుకే చెప్పాను నేను, ఇంకెవరికి చెప్పను? "ఒరేయ్ పొట్టేలా, ఇంత పని చేసినవాళ్లకు దాహం వేయదా? డబ్బా ఇక్కడుంది. నేను అటు తిరిగి కూర్చుంటాను, ముసుగేసుకుంటాను." అతనూ పొట్టేలు వైపే మొహం పెట్టి, "పొట్టేలా, పెద్దావిడకి చెప్పు, దాహం లేదు, పొద్దున తాగే బయల్దేరాం," అన్నాడు. ఏ పొద్దున? నిన్నటి పొద్దునా? అయినా ముసుగేసుకుని అటు తిరిగి కూర్చున్నాను. చెవులు మాత్రం ఇటే. అడుగు చప్పుడు లేదు. నేను వింటున్నానని అతనికి తెలుసు, గుటక చప్పుడు కూడా అత్తగారికి వినిపించకూడదు కదా. సరే, డబ్బాను మోసుకెళ్లి చెట్టుకూ బండికీ సగం దూరంలో, సొరబుర్ర దొప్పతో సహా పెట్టి వచ్చాను. ఈసారి లేచాడు. వచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. దొప్పనిండా వంచాడు, తీసుకెళ్లి పొట్టేలుకు పెట్టాడు. అది తాగుతుంటే దాని మెడ నిమిరాడు. ఆ తర్వాత డబ్బాను ఎత్తి తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని, నా నీడ అంచున దించి వెళ్లాడు. ఎండలో ఉంటే పెద్దావిడ నీళ్లు వేడెక్కుతాయని. ఇలాంటి పిల్లవాణ్ణి ఏం చేయాలి? కొట్టాలా, ముద్దుపెట్టుకోవాలా?

పోనీ నేనే చెట్టు వదిలేస్తే వచ్చి కూర్చుంటాడు కదా అని లేచి ఎండలోకి నడిచాను. అతను నాకేదో చాటు అవసరమైందనుకున్నాడు. గబగబా లేచి, వీపు తిప్పుకుని, ఇంకో యాభై అడుగులు ఎండలోకి పోయాడు. బండి నీడ చేటంత ఉండేది, అదీ వదులుకున్నాడు నా మూలాన. పరుగున వచ్చి మళ్లీ నా చోట కూలబడ్డాను. అతను తిరిగి వచ్చేటప్పుడు అడుగు తడబడింది. తడబడిందా, రాయి తగిలిందా? రాయే అయి ఉంటుంది. ఇక్కడ రాయి లేదు.

హమ్మాది అన్న కూడా ఇలాగే నడిచి ఉంటాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అన్నకు పిల్లను మాట్లాడుకున్నారు, కాబోయే అత్తవారి పశువులకు నీళ్లు తోడటానికి వెళ్లాడు, అది అల్లుడి పని, చేతనైనవాడినని చూపించుకోవాలి. చేంతాడు లాగి లాగి నూరు పశువులకు తోడాడట, పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా. కాబోయే అత్తగారు బావి పక్కనే దూడల్ని చూసుకుంటూ కూర్చుంది. చేతిలో చేద, చేదలో నీళ్లు, మోచేతుల మీదుగా నీళ్లు కారుతున్నాయి, నోట్లోకి ఒక్క చుక్క వేసుకోలేదు. మాపటికి ఇంటికొచ్చి తాగుతాలే అనుకున్నాడు. దారిలోనే పడిపోయాడు. అతన్ని తెచ్చినప్పుడు అరచేతులు ఇంకా నీళ్లకు నానినట్టే తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, నేను చూశాను, ఆ చేతుల్ని పట్టుకుని చూశాను. ఖననానికి వచ్చిన పెద్దలంతా ఒకే మాట, ఎంత మర్యాద తెలిసిన పిల్లవాడు, ప్రాణం పోయినా అత్త ఎదుట నోరు తడుపుకోలేదు అని. పొగిడారు. మా అమ్మ ఆ పొగడ్త వింటూ నేల వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మా గుడిసెకి ఏ కుర్రవాడు ఏ వరసతో వచ్చినా, నీళ్ల దొప్ప అతని ముందు పెట్టి బయటికి వెళ్లిపోయేది. వెళ్లి చాలాసేపటికి గానీ వచ్చేది కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఇంట్లో పుట్టి నేనేం చేశాను? దిక్కెల్‌కి మాటలొచ్చినప్పటి నుంచి అదే నూరిపోశాను, ఎవరింట్లోనూ నీళ్లడగకు, దాహమని నోరు తెరవకు అని.

పోయిన ఎండాకాలం నర్సమ్మ మా ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పింది. మా మనిషి కాదు, మా భాషను కుంటినడకతో మాట్లాడుతుంది, కానీ చెప్పింది మాత్రం తిన్నగా. దాహం వేసేదాకా ఆగొద్దు, కొద్దికొద్దిగా తాగుతూనే ఉండండి అంది. చెమట బాగా పోస్తే నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త పంచదార కలుపుకోండి అంది. మూత్రం రంగు చూసుకోండి, ముదురుగా వస్తే ఒంట్లో నీళ్లు అయిపోతున్నట్టు అంటే ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. "నవ్వండి, నవ్వండి, చూసి నవ్వండి," అంది. ఆఖర్న చెప్పినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతుంటే, మాట తప్పుతుంటే, ఇక ఎవరి కోసమూ చూడొద్దు, ముందు నీడ, తర్వాత ఒంటి మీద నీళ్లు, మెడకి, చంకలకి, గజ్జలకి, విసురుతూనే ఉండండి, స్పృహ ఉండి మింగగలిగితేనే గుటక గుటక తాగించండి, ఆపైన నా దగ్గరికి తీసుకురండి. మూడో తరగతి చదివిన చదువుతో నేనది పంచదార పొట్లం కాగితం మీద రాసుకుని తాయెత్తుతో పాటు దాచుకున్నాను. తాయెత్తు ఎందుకో, కాగితం ఎందుకో, రెండూ ఉంటే మంచిదని.

ఇప్పుడు చూస్తే అతని చొక్కాకి తడి లేదు. ఎప్పుడు ఆరింది? వీపు మీద తెల్లగా ఉప్పు గీతలు, ఆరిన మడుగు అంచులా, ఒకదాని లోపల ఒకటి. చెమట ఆగిందా, ఎండకు చొక్కా ఆరిందా? దూరం నుంచి ఎలా తెలుస్తుంది? తాకో ఏది? దారి చివర అంతా నీళ్లలా మెరుస్తోంది, ఆ మెరుపులో ఏదీ నిలకడగా లేదు, తాకో కూడా ఎక్కడో పడిపోయి ఉంటుంది, దిక్కెల్ రక్తం ఇంకా ఆగి ఉండదు, ఒక్కరోజులో అందరూ పోతారు, నేనొక్కదాన్నే ఈ చెట్టు కింద చల్లటి నీళ్లు పక్కన పెట్టుకుని మిగులుతాను. దాదో, నోర్మూసుకో. ఒక్కొక్కటి చూడు. ఇప్పుడు నీ కళ్లెదుట ఉన్నదెవరు?

అతను మాట్లాడుతున్నాడు. పొట్టేలుతో. "తాకో అత్తా," అంటున్నాడు దాన్ని, "పొద్దుపోయింది, ఆవుల్ని తోలుకురా, పాలు పితకాలి." సూర్యుడు మా ఇద్దరి నెత్తిన ఉన్నాడు. పొట్టేలు మే అంది. వేళాకోళమేమో అనుకున్నాను ఒక్క క్షణం, అనుకోవాలనిపించింది, కానీ నా ఎదుట అతనెప్పుడూ వేళాకోళం ఆడలేదు. "దూడను వదులు," అన్నాడు మళ్లీ, పొట్టేలు కాలు పట్టుకుని. ఆ గొంతు నాలిక అంగిలికి అతుక్కుపోయిన గొంతు. ఇంకో గంటలో తాకో వస్తుంది, వచ్చాక ఆ మాటకారి చూసుకుంటుంది, నా మర్యాదా అతని మర్యాదా దక్కుతాయి. ఆ గంటలో ఇతను పోతే, రేపు నలుగురూ వస్తారు, ఎంత సిగ్గు తెలిసిన పిల్లవాడు అంటారు, దిక్కెల్ పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని నేల వైపు చూస్తూ వింటుంది. వద్దు. ఇతన్ని ఎవరూ పొగడొద్దు. బతికి, ముసలివాడై, పెళ్లాంతో తిట్లు తింటూ ఉంటే చాలు నాకు.

ఎప్పుడు లేచానో తెలియదు. తలమీది గుడ్డ లాగేశాను, నా వట్టి తల ఏ అల్లుడూ చూడకూడనిది, దాన్ని డబ్బాలో ముంచాను, ముంచి పరిగెత్తాను. నన్ను చూసి మొహం తిప్పుకోబోయాడు, ఆ తెలివి మాత్రం ఉంది. చంకల కింద చేతులేసి లాగాను. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, పొడిగా. మనిషి బరువు. నేను కన్నవాళ్లలో కూడా ఇంత బరువు ఎవర్నీ మోయలేదు, ఈడ్చాను, అతని మడమలు ఇసుకలో రెండు గీతలు గీసుకుంటూ వచ్చాయి. చెట్టు కిందకి చేర్చి మెడకి తడిగుడ్డ చుట్టాను, చొక్కా విప్పేసి దొప్పతో నీళ్లు గుమ్మరించాను, ఛాతీ మీద, చంకల్లో, తొడల మీద, ఎక్కడ తాకకూడదో అక్కడంతా. చక్రం కిందేసిన అట్టముక్క తెచ్చి విసిరాను. విసురుతూ ఏడ్చాను, ఏడుస్తూ విసిరాను. ఇంకో దొప్ప, ఇంకో దొప్ప. చివరికి కళ్లు నా మొహం మీద నిలిచాయి. గుర్తుపట్టాడు. గుర్తుపట్టగానే ఏం చేశాడంటే, మోచేతుల మీద పాక్కుంటూ నీడ దాటి పోవటానికి చూశాడు.

"కూర్చో నాయనా."

"పెద్దావిడ..."

"పెద్దావిడ లేదు ఇక్కడ. దిక్కెల్ అమ్మ ఉంది. తాగు."

తల అడ్డంగా ఊపాడు. కళ్లు మూసుకున్నాడు. "సిగ్గు," అన్నాడు.

అప్పుడు దొప్ప నిండా ముంచి నేనే తాగాను. అతని ఎదుట, అతని మొహంలోకి చూస్తూ, పశువు తాగినట్టు చప్పుడు చేస్తూ, గడ్డం మీదుగా కారి రవిక తడిసేట్టు తాగాను. నాకూ ఎంత దాహంగా ఉందో అప్పటిదాకా తెలియనే లేదు. "చూశావా? అయిపోయింది. నా మర్యాద పోయింది, దాన్ని కాపాడే పని నీకు లేదు. ఇంకా ఏమన్నా సిగ్గు మిగిలితే నాకివ్వు, నేను మోస్తాను. నీకు నిన్న కూతురు పుట్టింది. తాగు." కొంగుముడి విప్పి ఉప్పూ పంచదారా చిటికెడు చిటికెడు వేసి కలిపి, మెడ కింద చెయ్యి పెట్టి లేపి, దొప్ప పెదాలకు ఆనించాను. మొదటి గుక్క పక్కనుంచి కారిపోయింది. రెండోది గొంతులో కదలటం చూశాను. ఆగాను. మళ్లీ పెట్టాను. ఆపి ఆపి, గుటక గుటక, నర్సమ్మ చెప్పినట్టే, దిక్కెల్‌కి పాలు మాన్పించిన రోజుల్లో జావ పట్టినట్టే. ఎన్ని దొప్పలో లెక్కలేదు. మధ్య మధ్య తల మీద పోశాను. చెట్టు నీడ ఒక పక్కకి సాగటం మొదలెట్టింది, నేను అతన్ని దాంతో పాటే జరుపుకుంటూ వచ్చాను.

నుదుటి మీద చెమట పట్టింది. నీళ్లేమో అనుకుని తుడిచాను, మళ్లీ పట్టింది. చెమటే. ఏ రోజు? అని అడిగాను, చెప్పాడు. ఎక్కడికి పోతున్నాం? చెప్పాడు. పొట్టేలు పాలిస్తుందా అని అడిగితే నా వైపు ఒకలా చూసి, "పెద్దావిడకి ఎండ తగిలినట్టుంది," అన్నాడు పొట్టేలుతో. నేను నవ్వలేక ఏడవలేక చచ్చాను. ఇంకా కాసేపటికి మెల్లగా లేచి, చెట్టు మాను పట్టుకుని నిలబడి, తలొంచుకుని పొదల వైపు నాలుగడుగులు వేశాడు. నేను ఇటు తిరిగాను. ఒక మగవాడు మూత్రానికి వెళ్లాడని నా జన్మలో ఇంత సంబరపడింది లేదు. రంగు అడుగుదామని నాలిక చివరిదాకా వచ్చింది, ఎలాగో ఆపుకున్నాను. ఆ మాత్రం మర్యాద ఉంచుకుందాంలే.

దారి చివర మెరుపులోంచి మొదట రెండు చెవులు వచ్చాయి, తర్వాత గాడిద, తర్వాత బండి, దాన్ని తోలే మనిషి, అతని పక్కనుంచి గొంతు. అవును, తాకో కంటే ముందు దాని గొంతే వచ్చింది. "దాదో! ఆగిపోయిందట, రక్తం ఆగిపోయిందట! నీ కూతురు గంజి రెండోసారి అడిగిందట! పసిది ఏడుస్తుంటే ఊరంతా వినిపిస్తోంది, అచ్చం నీ నోరే, పాపం!" దగ్గరకొచ్చి ఆగింది. చూసింది. ఒకే నీడలో, ఒకే దొప్ప దగ్గర, ముసుగు లేని అత్తగారు, చొక్కా లేని అల్లుడు, అతని మెడకి ఆమె తలగుడ్డ.

"కబుర్లు చెప్పుకోండి అన్నాను గానీ," అంది తాకో, "ఇంత పనా?"

అల్లుడి మొహం కందిపోయింది. నీడ అంచు వైపు జరగబోయాడు. అయిపోయింది అనుకున్నాను, ఇక మనుషులొచ్చారు, ఇక తాగడు, బోరు ఊరు ఇంకా గంట దూరం, ఆ గంటలో మళ్లీ ఆరిపోతాడు. తాకో నా మొహం చూసింది, పక్కన పడేసిన చొక్కా మీది ఉప్పు గీతలు చూసింది. అది అన్నీ నవ్వులాటగా తీసుకునే మనిషి, ఇది మాత్రం తీసుకోలేదు. నోరు మూసుకుని గాడిద కళ్లెం సర్దుతూ నిలబడింది, అటు తిరగకుండా, ఇటే చూస్తూ.

అతను ఆగాడు. తాకో వైపు చూశాడు, కొత్త బండి తోలుకొచ్చిన మనిషి వైపు చూశాడు, తర్వాత, పొట్టేలు వైపు కాదు, నా వైపు తిరిగాడు. ఖాళీ దొప్ప రెండు చేతులతో ముందుకి చాపాడు.

"అత్తా," అన్నాడు, "ఇంకాస్త పొయ్యి."